పదిమందితో మునిగితే పరువు పోదు

మాది కాకినాడ. రిటైరైనవాళ్ళొచ్చి ఇల్లు కట్టుకుని ప్రశాంతంగా బతికే ఊరని దీనికి పెన్షనర్స్ ప్యారడైజ్ అని పేరు, ఆ పేరుకి మేమేం బాధపడం, పైగా కొంచెం గర్వం కూడా. అలాంటి ఊళ్ళో పుట్టి, హైదరాబాద్‌లో ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది మానేసి ఇంటికొచ్చి గానుగ నూనె వ్యాపారం పెట్టి, రెండున్నరేళ్ళకి షట్టర్ దించేసినవాణ్ణి నేను. ఆ తర్వాత నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో సగంమంది చెప్పిన మాట ఒకటే. "మన కల్చర్‌లోనే బిజినెస్ లేదు బాబూ, అమెరికావాడికి రిస్కంటే సరదా, మనకి గవర్నమెంటు ఉద్యోగమంటే సరదా, అంతే." వినడానికి చాలా హాయిగా ఉంటుంది. తప్పు నాది కాదు, నా లెక్కల పుస్తకానిది కాదు, 140 కోట్లమందిది.

నాకు మాత్రం ఈ మాట మీద అస్సలు నమ్మకం లేదు. అంటే కల్చర్‌కీ వ్యాపారానికీ సంబంధం లేదని కాదు నేననేది, ఉంది, గట్టిగానే ఉంది, కానీ అందరూ వేలెత్తి చూపించే చోట లేదు.

ముందు మా ఊరి సంగతే చెప్తా. మా చెల్లి బీకాం చదివేటప్పుడు దాని పుస్తకంలో "కాకినాడ ప్రయోగం" అని ఒక ప్రశ్న చూశాను. మా ఊళ్ళో ప్రయోగమేంటి, కాజా మీదా అనుకున్నా. తీరా చదివితే, డేవిడ్ మెక్లెలాండ్ అని హార్వర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసరు, 1961లో ఒక పెద్ద సిద్ధాంతం చెప్పాడాయన. దేశాలు ఎదగాలంటే బొగ్గూ ఇనుమూ ఉంటే చాలదు, మనుషుల్లో ఏదో ఒకటి సాధించాలనే తపన ఉండాలి, ఆ తపన చిన్నప్పుడు విన్న కథల్లోంచి వస్తుంది అని. ఊరికే అనలేదు, రకరకాల దేశాల పిల్లల వాచకాలు తెప్పించి, 1925 నాటివీ 1950 నాటివీ, వాటిలో కథలు ముందేసుకుని ఈ తపన ఎంత కనిపిస్తుందో లెక్క కట్టించాడు. (మన ఏడు చేపల కథ ఆయన చేతికి దొరికుంటే ఎన్ని మార్కులేసేవాడో అని నాకు ఇప్పటికీ అనుమానం. చేప ఎండలేదంటే గడ్డిమోపుది తప్పు, గడ్డిమోపునడిగితే ఆవుది తప్పు, ఆవునడిగితే పాలేరుది తప్పు, చివరికి చీమ దగ్గరికెళ్తే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అంటుంది. కథ మొత్తంలో బాధ్యత తీసుకున్నది ఆ చీమొక్కటే.)

ఆ తపన పెద్దయ్యాక కూడా నేర్పిస్తే వస్తుందా అని చూడ్డానికి ఆయన బృందం 1964లో పట్టుకున్న ఊరు కాకినాడ. ఊళ్ళో వ్యాపారస్తుల్ని బ్యాచులుగా హైదరాబాద్ పిలిపించి, అప్పటికి రెండేళ్ళ క్రితమే అక్కడ మొదలైన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో, ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని బోర్డున్నది అదే, ట్రైనింగ్ ఇచ్చారు. మెక్లెలాండ్ పద్ధతిలో రింగుల ఆట ఒకటుంది. మన తీర్థాల్లో సబ్బుబిళ్ళ మీద రింగు వేసే ఆట లాంటిదే, కాకపోతే ఎంత దూరంలో నిలబడి వెయ్యాలో ఎవరిష్టం వాళ్ళది. మరీ దగ్గర నిలబడేవాడికి భయం, మరీ దూరం నిలబడేవాడు అదృష్టం మీద భారం వేసినవాడు, కష్టపడితే పడొచ్చు అనిపించే మధ్య దూరంలో నిలబడ్డవాడే వ్యాపారానికి పనికొచ్చేవాడు అని ఆయన లెక్క. చివరికి ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళు తీసుకోనివాళ్ళకంటే చురుగ్గా పనిచేశారు, కొత్తగా పెట్టుబడులు పెట్టారు, పనివాళ్ళని పెంచుకున్నారు. 1969లో ఆ వివరాలన్నీ పుస్తకంగా వచ్చాయి. తేలినదేంటంటే, సంప్రదాయ నమ్మకాలు వ్యాపారానికి అడ్డు రాలేదని. అంటే "మన కల్చరే అంత" అన్నదాన్ని మా ఊళ్ళోనే పరీక్షించి, అరవయ్యేళ్ళ కిందటే పక్కన పడేశారు, మేం మాత్రం ఇంకా అదే చెప్పుకుంటున్నాం.

ఇందులో నాకు తెగ నచ్చిన ముక్క ఇంకోటుంది, ఒకే ఊరివాళ్ళని బ్యాచులుగా తీసుకెళ్ళడం. దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

నంబర్లు చూపించేవాళ్ళు ఇంకో రకం. ఎంబీఏ స్లైడ్లలో గీర్ట్ హాఫ్‌స్టెడ్ అని ఒక డచ్చాయన స్కోర్లు వేస్తారు చూడండి, దేశదేశాల్లో ఐబీఎం ఉద్యోగుల్ని 1967 నుంచి 1973 దాకా ప్రశ్నలడిగి ఒక్కో దేశం కల్చర్‌కి మార్కులిచ్చాడు. అందులో అనిశ్చితి అంటే ఎంత ఇబ్బంది పడతారు అన్నదానికి జపాన్‌కి 92, అమెరికాకి 46, మనకి 40. సరిగ్గానే చదివారు, అమెరికావాడికంటే మనకే ఇబ్బంది తక్కువ. అనిశ్చితి వేరు రిస్కు వేరు అని ఆయనే చెప్పాడులెండి, స్లైడ్లు చేసేవాళ్ళు ఆ లైను దాకా వెళ్ళరు. అయినా ఐబీఎంలో ఉద్యోగం చేసేవాళ్ళనడిగి దేశం మొత్తం వ్యాపార ధైర్యం ఎలా కొలుస్తారండీ, ఆ ఐబీఎం కూడా 1978లో మన దేశం వదిలేసి వెళ్ళిపోయింది. ఇక ఆ 92 మార్కుల జపాన్‌లోనే, బాంబులకి కాలిపోయిన టోక్యోలో, 1946లో రేడియోలు రిపేరు చేసుకుంటూ మొదలైన కంపెనీ తర్వాత సోనీ అయింది. దాన్ని పెట్టిన ఇద్దరిలో అకియో మొరిటా తరతరాలుగా సాకే అనే బియ్యపు మద్యం కాచే ఇంటికి పెద్దకొడుకు. వంశవృత్తి వదిలి ఈ రిపేర్ల కంపెనీలో చేరతానంటే ఆ తండ్రి ఒప్పుకోవడమే కాదు, డబ్బు కూడా సర్దాడు. పెద్దలమాట జవదాటని కల్చరే అక్కడ పెట్టుబడి అయింది మరి.

సరే, మన దగ్గరికొద్దాం. తెలుగువాడికి రిస్కంటే భయమని ఎవరైనా అంటే నేను భీమవరం దగ్గర మా పిన్నివాళ్ళ ఊరు తీసుకెళ్ళి చూపిస్తా. మా బాబాయ్‌కి రెండు రొయ్యల చెరువులు. సీడ్, అంటే రొయ్యపిల్లలు, వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా ఆయన నిద్ర చూడాలి మీరు. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగి తెల్లారేసరికి లక్షలు నీళ్ళ మీద తేలతాయి. 1994-95లో వైట్‌స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయింది, కోస్తా మొత్తం ఏడ్చింది. ఏం చేశారు, ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకున్నారా? కొంతమంది చేపలకి మారారు, కొంతమంది చెరువు ఖాళీగా ఉంచారు, 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి పర్మిషన్ రాగానే మళ్ళీ దిగిపోయారు. అంతకుముందు తరంవాళ్ళు ఇంకో అడుగు ముందే. తుంగభద్ర కాలవొస్తుందని తెలిసి ఇక్కడ పొలమమ్ముకుని, భాష రాని కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి బీడు కొని మాగాణి చేశారు, ఇప్పటికీ ఆ ఊళ్ళని క్యాంపులనే అంటారు. గుంటూరు మిర్చి రైతు, వరంగల్ పత్తి రైతు సంగతి చెప్పక్కర్లేదు. వీళ్ళకి రిస్కంటే భయమా? నా సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ మ్యూచువల్ ఫండు రెండు శాతం పడితే రోజుకి పదిసార్లు యాప్ తెరిచి చూస్తారు.

మరి ఇంత ధైర్యం ఉన్న జనం కొడుకు గానుగ పెడతానంటే ఎందుకు వణికారు? నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పదిమందితో చావు పెళ్ళితో సమానం అంటారు చూడండి, మొత్తం అందులోనే ఉంది. మనకి నష్టమంటే భయం లేదు, ఒంటరిగా నష్టపోవడమంటే భయం. ఊరందరూ రొయ్యలేసి అందరూ పోతే దాన్ని కాలం అంటారు, వైరస్ అంటారు, రేటు పడిందంటారు. ఎవడూ చెయ్యంది నువ్వొక్కడివే చేసి పోతే దాన్ని తెలివితక్కువతనం అంటారు. డబ్బు రెండుచోట్లా ఒకేలా పోయింది, పరువు మాత్రం ఒకచోటే పోయింది. మన కల్చర్ పనిచేసేది ఇక్కడ, పడ్డాక ఆ పడటాన్ని ఏ ఖాతాలో రాస్తారన్నచోట.

నా కథ కూడా అంతే. 2016 చివర్లో మొదలుపెట్టా. రెండున్నర కిలోల వేరుశెనగ గింజలు ఆడితే కిలో నూనె, మిగిలిన చెక్క గేదెలవాళ్ళకి, ఈ లెక్క కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. డబ్బులకి బ్యాంకుకెళ్తే మేనేజరుగారు నా ప్లాన్ రెండు నిమిషాలు చూసి మా నాన్నగారి ఇంటి కాగితాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆఖరికి అమ్మ బంగారం తాకట్టు పెట్టింది, నాన్నగారు చీటీ ముందే ఎక్కువకి పాడి తెచ్చారు, బాబాయ్ మూడు లక్షలు, కాగితం లేదు, వడ్డీ మాట లేదు, "ఉంచరా, తర్వాత చూద్దాం" అన్నాడంతే. ఏ అమెరికా ఇన్వెస్టరైనా ఇలా ఇస్తాడా? మన కల్చర్‌లో వ్యాపారానికి చోటు లేదనేవాళ్ళు ఈ మూడు లక్షల్ని ఎక్కడ రాస్తారో నాకు తెలీదు.

నూనె బాగుంది, కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చారు, చంపింది అరువు. షాపులవాళ్ళు సరుకు దించుకుని నలభై ఐదు రోజులంటారు, ఆ నలభై ఐదు అరవయ్యవుతుంది, అరవై "పండగయ్యాక చూద్దాం" అవుతుంది, నేను గింజలు మాత్రం రొక్కం పెట్టి కొనాలి. మధ్యలో జీఎస్టీ వచ్చింది, ఆ మూడు నెలలూ బిల్లులు ఎలా రాయాలో నాకూ తెలీదు షాపువాడికీ తెలీదు. 2019 మొదట్లో గింజల వ్యాపారికి నేనిచ్చిన చెక్కు బౌన్సయింది. చెక్కు బౌన్స్ మన దేశంలో 1989 నుంచి క్రిమినల్ కేసు, సెక్షన్ 138. ఆయన మంచివాడు, కేసు పెట్టలేదు, ఇంటికొచ్చి హాల్లో కూర్చున్నాడు. మా నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులోంచి తీసి ఇచ్చారు. పెన్షనర్స్ ప్యారడైజ్‌లో ఇంకో పెన్షనర్ ప్యారడైజ్ కాస్త తగ్గింది.

బాబాయ్ ఆయన డబ్బు అడగలేదు. అదే పెద్ద సమస్య అయింది. బ్యాంకైతే నోటీసిస్తుంది, వేలమేస్తుంది, ఒక రోజుకి అది అయిపోతుంది. 2016లో వచ్చిన దివాలా చట్టంలో కూడా ఎవరికెంత, ఎన్ని రోజుల్లో అని ఒక వరస ఉంది. చుట్టరికంలో దివాలాకి ఆఖరి తేదీ ఉండదు. పిన్ని ఇంటికెళ్తే అన్నం బాగానే పెడుతుంది, కానీ "వీడికి మూడు లక్షలు" అన్నది కంచం పక్కన నీళ్ళగ్లాసులా ఉంటుంది. సంబంధాలు చూసేటప్పుడు బ్రోకరుగారు నాకు సలహా ఇచ్చాడు, వ్యాపారం సంగతి రాయొద్దు, "ఉన్నత విద్య కోసం విరామం" అని రాద్దామన్నాడు. ఏం చదివానండీ అనడిగితే "అదెవరూ అడగర్లెండి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, ఎవరూ అడగలేదు.

నేను షట్టర్ దించిన ఏడాదే బాబాయ్‌కి ఒక చెరువులో పంట పోయింది. నేను రెండున్నరేళ్ళలో పోగొట్టినదానికంటే ఎక్కువే. ఆయన్నెవరూ ఓదార్చడానికి రాలేదు, ఎందుకంటే ఓదార్చాల్సినవాళ్ళందరికీ పోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఒప్పుకోవాలి. పదిమంది ఉంటే చాలు అని కాదు. మైక్రోఫైనాన్స్ అప్పుల్లో కూడా పదిమంది ఆడవాళ్ళు గుంపుగా ఉండేవాళ్ళు, కానీ వాళ్ళు నీతోపాటు మునిగేవాళ్ళు కాదు, నీకు హామీ పడ్డవాళ్ళు. నువ్వు కట్టకపోతే వాళ్ళే నీ గుమ్మంలో కూర్చునేవాళ్ళు. ఆత్మహత్యల దాకా వెళ్ళాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ అప్పుల వసూళ్ళని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అదే సిగ్గు, అదే పదిమంది, ఎటువైపు నిలబెట్టామన్నదే తేడా.

అటువైపు కాకుండా ఇటువైపు నిలబెడితే ఏమవుతుందో హైదరాబాద్ మందుల కంపెనీల్ని చూస్తే తెలుస్తుంది. అందరూ ఎగతాళి చేసే సర్కారీ ఉద్యోగంలోంచే పుట్టిందది. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే మందుల ఫ్యాక్టరీ పెట్టారు, పూర్తిగా ప్రభుత్వ సంస్థ. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ అంది, అంటే 2005లో ఆ చట్టం మారేదాకా వేరే దారిలో అదే మందు చెయ్యగలిగేవాళ్ళు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చి, ముందు రెండు కంపెనీల్లో చెయ్యి తిప్పుకుని, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. ఆయనతో పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ పెట్టుకున్నాడు, అంజిరెడ్డి కంపెనీలోంచే వెళ్ళిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టాడు. ఉద్యోగం మానేసినవాడు పోటీ వ్యాపారం పెట్టకూడదనే ఒప్పందాలు చెల్లవని కాలిఫోర్నియాలో 1872 నుంచి చట్టం ఉంది, సిలికాన్ వ్యాలీ పెరగడానికి అదొక కారణమంటారు. మన కాంట్రాక్టు చట్టమూ 1872దే, సెక్షన్ 27 దాదాపు అదే మాట చెప్తుంది. చట్టం ఇన్నేళ్ళూ ఉంది, కానీ జనం దూకింది ఎప్పుడంటే, పక్క టేబుల్లో కూర్చున్న సీనియర్ దూకి బతికి కనిపించినప్పుడు. ఒక కెమిస్టు ఉద్యోగం వదిలేస్తే పిచ్చి, బాలానగర్ జీడిమెట్లల్లో వీధికొకడు వదిలేస్తే అది ఆనవాయితీ. కాకినాడ వ్యాపారస్తుల్ని బ్యాచులుగా తీసుకెళ్ళడంలో ఉన్న కిటుకు కూడా ఇదేనని నా అనుమానం. ట్రైనింగ్‌లో నేర్పిందానికంటే, ఊరికి తిరిగొచ్చాక "ఏంటయ్యా నీకు పిచ్చా" అనకుండా ఉండే మనుషులు కొంతమంది ఊళ్ళోనే ఉండటం ఎక్కువ పనిచేసి ఉంటుంది. ఇది నా ఊహే, మెక్లెలాండ్ ఒప్పుకుంటాడో లేదో.

ఆయన రింగుల ఆటలో నాకు కనబడే లోపం వేరే ఉంది. ఆ ఆటలో అందరి చేతికీ ఒకే లెక్కన రింగులొస్తాయి, బయట అలా రావు. చేతిలో ముప్పై రింగులున్నవాడు ఎంత దూరంలోనైనా సరదాగా నిలబడతాడు, ఒక్క రింగున్నవాడు సబ్బుబిళ్ళ మీదకి వంగి వేస్తాడు, దాన్ని చూసి వాడికి తపన లేదనడం అన్యాయం కదా. అమెరికాలో మనవాళ్ళనే చూడండి. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నన్నాళ్ళూ సొంత కంపెనీ అంటే ఉద్యోగం పోయాక ఇంకోటి చూసుకోవడానికి ఉండే అరవై రోజుల గడువు, పిల్లల స్కూలు, ఇంటి లోను అన్నీ గుర్తొస్తాయి. అదే మనిషికి గ్రీన్‌కార్డు వస్తే ఆర్నెల్లలో కన్సల్టెన్సీయో, హోటలో, గ్యాస్ స్టేషనో మొదలెట్టేస్తాడు. మధ్యలో కల్చర్ మారిందా, ఇంట్లో అదే పులిహోర, అదే సత్యనారాయణ వ్రతం.

మన దగ్గర రింగులు ఎవరికెన్ని అన్నది కులం దగ్గరికి పోతుంది, దాచి లాభం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పొలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మిగులే రైసుమిల్లయింది, సినిమా అయింది, లారీలయింది, కాలేజీ అయింది. కోమట్ల పిల్లాడు పదేళ్ళకే గల్లాపెట్టె దగ్గర కూర్చుని అరువు ఎవడికివ్వకూడదో ముఖం చూసి చెప్పేస్తాడు, ఆ ఒక్కటి నాకు తెలిసుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. పొలం లేదు, గల్లాపెట్టె లేదు, మెయిన్‌రోడ్డులో షాపు అద్దెకడిగితే "మీరేవిట్లు" అని అడుగుతారు, హోటల్ పెడితే ఊళ్ళో సగంమంది గుమ్మం తొక్కరు, అలాంటి దళితుల ఇంటి కుర్రాడినీ నన్నూ కలిపి "భారతీయ కల్చర్" అని ఒక మార్కు వేస్తే దాన్ని ఏం చేసుకోవాలి. నాకు పడటానికి నాన్నగారి పెన్షన్ ఉంది. తెలంగాణలో 2021లో దళితబంధు అని కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టక్కర్లేకుండా ఇచ్చారు. ఎమ్మెల్యే చేతిలో లిస్టు లాంటి గొడవలు వేరే కథ, కానీ ఆలోచన మాత్రం రింగులు పంచడమే. అందరూ కార్లూ ట్రాక్టర్లే కొన్నారని నవ్వినవాళ్ళున్నారు. కొనరా మరి? మొదటిసారి రింగు దొరికినవాడు పక్కవాడు వేసినచోటే వేస్తాడు. మా బాబాయ్ కూడా పక్కవాడు వేశాడనే రొయ్యలేశాడు, ఆయన్నెవరూ నవ్వలేదు.

మొన్న 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచేసరికి రొయ్య రేటు పడింది. బాబాయ్ పట్టుబడి వాయిదా వేద్దామని ఆగాడు, ఆగినకొద్దీ మేత ఖర్చు పెరిగింది, ఆఖరికి వచ్చినకాడికి ఇచ్చేశాడు. ఆ తర్వాత రెండు వారాలకి మా కజిన్ పెళ్ళి. బాబాయ్ పట్టుపంచె కట్టుకుని, తనలాగే నష్టపోయిన నలుగురితో కలిసి మండపం బయట కుర్చీలేసుకుని ట్రంప్‌ని తిడుతూ పెద్దగా నవ్వుతున్నాడు. నేను ఇప్పుడు మళ్ళీ ఉద్యోగంలోనే ఉన్నా, నాలుగేళ్ళకి బాబాయ్ డబ్బు కూడా తీర్చేశా, వద్దన్నా చేతిలో పెట్టా. వాళ్ళ పక్కనుంచి భోజనాలవైపు వెళ్తుంటే ఆ నలుగురిలో ఒకాయన నన్ను ఆపి, చాలా ప్రేమగా భుజం మీద చెయ్యేసి అడిగాడు, "ఏరా, ఇంకా ఆ నూనె గోలేనా, ఏదైనా పనిలో పడ్డావా?"